అన్నాల గదికి వచ్చిన ప్రగతి

మా జీడిపప్పు ఫ్యాక్టరీలో మహిళా ప్రగతి విభాగం అని ఒకటి పెట్టారు. అది చేసిన మొదటి పని ఆడవాళ్లు అన్నాలు తినే గదికి తాళం వేయించడం.

తాళం వేసింది నేనే. గేటు కాపలావాణ్ణి కనుక తాళాలన్నీ నా దగ్గరే ఉంటాయి. వెయ్యమన్నారు, వేశాను. ఎందుకని అడగలేదు. నేను చేరినప్పటినుంచీ చూస్తున్నాను, ఎందుకని అడిగినవాళ్లంతా కొన్నాళ్లకి గేటు బయట కనబడేవారు.

ఆ గది సంగతి తెలియాలంటే ముందు జీడి సంగతి తెలియాలి. పిక్క కొడితే లోపల పప్పు ఉంటుంది. అది అందరూ తింటారు. పెంకులో నూనె ఉంటుంది. దాన్నే జీడి అంటారు. అది చేతికి తగిలితే నల్లబడుతుంది, కడుక్కోకపోతే పొక్కుతుంది. పిక్క కొట్టే ఆడవాళ్లు చేతులకి ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చుంటారు. అయినా మధ్యాహ్నానికి ఆ చేతులు చేతుల్లా ఉండవు. ఆ చేత్తో కలిపిన ముద్ద నోట్లోకి పోకూడదు. పొట్టు తీసే ఆడవాళ్ల చేతులు మాత్రం శుభ్రంగా ఉంటాయి.

అందుచేత పెద్దాయన కాలంలో, అంటే ఇప్పటి సారుగారి తండ్రి కాలంలో, అన్నాల గంట కొట్టగానే పెంకుల పోగు పక్కన ఎండలో జతలు జతలుగా కూర్చునేవారు. పొట్టు తీసే మనిషి ఒక ముద్ద తను తిని, ఒక ముద్ద పిక్క కొట్టే మనిషి నోట్లో పెట్టేది. ఇద్దరికీ మాటా మాటా వచ్చిందంటే పిక్క కొట్టే మనిషికి ఆ పూట పస్తు. అందుకని పిక్క కొట్టేవాళ్లు చాలా నెమ్మదస్తులని మా ఫ్యాక్టరీకి చుట్టుపక్కల మంచి పేరు ఉండేది.

పిక్క కొట్టే తవిటమ్మ మేస్త్రీ అయ్యాక ఇది మారింది. పెద్దాయన ఆమెని మేస్త్రీని చేసింది ఆదర్శం కొద్దీ కాదు. ఉన్న మేస్త్రీ కల్లు తాగి బాయిలరు పక్కన పడుకుంటే, ఆ పూటకి ఇంకో మగవాడు దొరకలేదు. మర్నాడు దొరికాడు గాని, అప్పటికి పని మునుపటికంటే బాగా నడుస్తోంది. పెద్దాయన వ్యాపారస్తుడు, ఊరుకున్నాడు. తవిటమ్మ ఊరుకోలేదు. చేతులు కడుక్కుని తినే చోటు ఇచ్చేదాకా లేవమని, అన్నాల గంట కొట్టినా జనాన్ని పిక్కల ముందే కూర్చోబెట్టింది. ఆకలితో పడి ఉన్న ఆడవాళ్లని చూస్తూ పెద్దాయన కూడా ఆ పూట అన్నం సయించక లేచిపోయాడు. ఆ వారమే పాత గోనెల గోడౌను ఖాళీ చేయించి ఇచ్చాడు. గోడ పొడుగునా కుళాయిలు, సబ్బు, పైన ఫేన్లు. పిల్లతల్లుల కోసం ఒక మూల గుడ్డ కట్టించింది తవిటమ్మ. ఎవరి చేత్తో వాళ్లు అన్నం తినడం అక్కడ మొదలయింది. దానితో పాటు పోట్లాటలూ మొదలయ్యాయి.

ఇలా ఉండగా, పట్నంలో పరిశ్రమల మండలివారు ఒక కిరీటం ప్రకటించారు. దాని పేరు మహిళా సాధికార స్వర్ణ కిరీటం. తాతల నాటినుంచి ఈనాటి వరకు ఆడవాళ్ల పనిచోటు ఎంత మారిందో ఏ సంస్థ బాగా చూపిస్తే దానికి ఇస్తారట. మా సారుకి కిరీటం మీద మనసు పోయింది. చూపించడానికి పట్నంనుంచి సుందరశివరావు అనే అధికారిని తెప్పించారు. ఆయనే మహిళా ప్రగతి విభాగం. అందులో ఇంకెవరూ లేరు.

తాళం చూసి తవిటమ్మ చేతులకి బూడిదతోనే ఆయన దగ్గరికి వచ్చింది.

"ఏటి బావూ, గదికి తాళవెందుకు?"

"చూడమ్మా, మన సంస్థలో మహిళా ప్రగతికి ఉన్న ఏకైక భౌతిక సాక్ష్యం ఈ గది."

"అయితే?"

"సాక్ష్యాన్ని వాడకూడదు. వాడితే అరిగిపోతుంది. మెరుగుపరచి, ప్రదర్శనశాలగా మార్చి, ప్రగతిని దృశ్యీకరించాలి."

"మరి మాం ఎక్కడ తినాల?"

"తాత్కాలికంగా ఎక్కడైనా."

"ఎక్కడైనా అంటే ఎక్కడ బావూ? సేతులెక్కడ కడుక్కోవాల? కుళాయిలన్నీ లోపలే ఉన్నాయి."

సుందరశివరావు నవ్వాడు. "ప్రగతి మీకోసమేనమ్మా. ప్రగతికి మీరే అడ్డొస్తే ఎలా?"

తవిటమ్మ నా వైపు చూసింది. "ఇన్నావా గురువులన్నా? మనకోసవేనంట."

నేను తాళంచెవి గుత్తి సర్దుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్లు మళ్లీ పెంకుల పోగు పక్కకి వెళ్లారు. మళ్లీ జతలు కట్టారు. బయట ఉన్న నీళ్లల్లా నా గేటు దగ్గరి తాగేనీళ్ల కుండ ఒక్కటే. ఆ నీళ్లతో జీడి వదలదు. రోజా అనే పిల్ల కొత్తగా తల్లయింది, పిక్క కొట్టే మనిషి. అన్నాల వేళకి అత్త చంటిదాన్ని ఎత్తుకుని తెచ్చేది. ఇదివరకు రోజా సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, గుడ్డ చాటున పాలిచ్చేది. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. అత్తే పిల్లని తెచ్చి రొమ్ముకి ఆనించి పట్టుకుంది.

"పిల్లనెత్తుకోవేటే?" అంది పక్కావిడ.

"ఈ సేతుల్తోటా? నాను ముట్టుకుంతే సెంప కాలిపోదేటి?"

లోపల పని జోరుగా సాగింది. గోడలకి గులాబీరంగు వేశారు. పట్నంలో చీరల కొట్టువాడి దగ్గర పాత బొమ్మలు కొని తెచ్చారు. నిలువెత్తు ఆడబొమ్మలు, తెల్లగా, సన్నగా, నవ్వుతూ. వాటికి కొత్త చీరలు కట్టి, మా ఆడవాళ్ల బల్లల ముందు కూర్చోబెట్టి, చేతుల్లో ప్లాస్టిక్ ఇడ్లీలు పెట్టారు. పైన 'నేటి దృశ్యం' అని బోర్డు. ఫేన్లు పగలంతా తిరుగుతూనే ఉండేవి.

తవిటమ్మ కిటికీలోంచి చూసింది. "ఆ బొమ్మలకి ఫేనెందుకు బావూ?"

"ఉక్కకి రంగు ఊడిపోతుంది."

"మాకూ ఊడిపోతంది గాని, మరి ఎవరికీ అగుపడదు. పోనీ ఆ కుళాయైనా ఒక్కటి ఇప్పండి."

"తడి తగిలితే బొమ్మలకి బూజు పడుతుంది. అసలు నేటి మహిళ చేతులు ఎందుకు కడుక్కుంటుంది? ఆమె చేతులు మాసిపోవు. అదే కదా ప్రగతి!"

కొన్నాళ్లకి బ్యాంకువాళ్లు కొందరు ప్రదర్శనశాల చూడ్డానికి వచ్చారు. గులాబీ గోడలు చూసి ఊఁ కొట్టారు. బొమ్మల్ని చూసి ఊఁ కొట్టారు. తిరిగి వెళ్తూ పెంకుల పోగు దగ్గర ఆగిపోయారు. అక్కడ పొట్టు తీసే పోలమ్మ, పక్కనున్న రోజా నోట్లో అన్నం ముద్ద పెడుతోంది. అత్త పిల్లని పట్టుకుని ఉంది.

"అబ్బ, ఇది కదండీ ప్రదర్శన!" అన్నాడు వాళ్లలో పెద్ద అధికారి. "పాతకాలాన్ని ఎంత సహజంగా దింపారు! ఆ నల్లటి రంగు ఏం పూశారు చేతులకి?"

సుందరశివరావు ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. "స్థానిక పదార్థమండీ" అన్నాడు.

వాళ్లు చప్పట్లు కొట్టారు. మర్నాటికి పెంకుల పోగు దగ్గర 'నాటి దృశ్యం' అని బోర్డు లేచింది. దానితోబాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. సుందరశివరావు షెడ్డులో బల్ల మీద నిలబడి చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నాటి దృశ్యములో పాల్గొను మహిళలు భోజన విరామమందు కాలానుగుణమైన వేషధారణ పాటించవలెను. స్టీలు క్యారేజీలు నిషేధం. చెప్పులు నిషేధం. సెల్‌ఫోన్లు నిషేధం. గొడుగు, టార్పాలిను వగైరా నీడనిచ్చు వస్తువులు నిషేధం."

"నీడ కూడానా?" అంది పోలమ్మ.

"నాడు నీడ లేదు కదమ్మా?"

"నేదు గాబట్టే కదా గది అడిగినాం!"

"సబ్బు కూడా నిషేధం. నాడు సబ్బు లేదు."

"నాడు నాను పుట్టనేదు బావూ" అంది రోజా. "పుట్టనేని కాలంలో నన్నెందుకు కూకోబెట్టినారు?"

షెడ్డంతా నవ్వింది. సుందరశివరావు కూడా నవ్వి, కాగితం మడిచాడు. "పాల్గొననివారు మరునాడు పనికి రానవసరం లేదు" అని చివరి వాక్యం మాత్రం చూడకుండా చెప్పాడు. నవ్వు ఆగిపోయింది.

అప్పటినుంచి తవిటమ్మ రోజూ అన్నాల వేళకి ముందు వరసంతా ఒకసారి తిరిగి చూసుకునేది. ఎవరైనా మరిచిపోయి స్టీలు గిన్నె తెస్తే, "దాసెయ్యవే, నాగరికత అగుపడిపోతంది" అనేది. ఎవరైనా గట్టిగా నవ్వితే, "నాటి దృశ్యంలో నవ్వుండదే, ఏడు" అనేది. జనం ఇంకా నవ్వేవారు. తవిటమ్మ ముఖం మాత్రం నవ్వేది కాదు. చంటిపిల్ల ఎడమ చెంప మీద ఒక పొక్కు లేచింది. పిల్ల ఏడుస్తుంటే ఉండబట్టలేక రోజా ఎప్పుడో ఎత్తుకుందట. అది తగ్గకముందే మెడ మీద ఇంకొకటి లేచింది. తవిటమ్మ ఆ పిల్లని రోజా అత్తచేత నా గేటు దగ్గరికి తెప్పించి, కుండలోని నీళ్లు పోయించి కొంగుచివరతో తుడిచింది. సుందరశివరావు అది చూసి కూడా సంతోషించాడు. రోజా కూర్చునే చోట 'నాటి మాతృత్వం' అని చిన్న బోర్డు ఒకటి పెట్టించాడు.

ఇక మేడమ్ సంగతి. మా సారు భార్య విశాలాక్షి మేడమ్. ఫ్యాక్టరీకి యజమానురాలు ఆవిడే. కాగితాల మీద మొదట పెద్దాయన భార్య పేరుండేది, ఆ తరవాత ఆవిడ పేరు వచ్చింది. ఆడవాళ్ల పేరున ఉంటే అప్పులో ఏదో రాయితీ ఉంటుందట. పెద్దాయన భార్య ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి రాలేదు. ఆవిడ సంతకం ఇంటికి వెళ్లి తెచ్చేవారు. విశాలాక్షి మేడమ్ మాత్రం చదువుకున్న మనిషి. లెక్కలు బాగా తెలుసంటారు. రోజూ కారులో వచ్చి, సారు గదిలో గోడవార కుర్చీలో కూర్చుని, పెన్సిలుతో గీత పెట్టిన చోట సంతకం చేసి వెళ్లేది. ఆ కుర్చీ కూడా వచ్చినవాళ్లకి వేసే కుర్చీ. ఎవరైనా వస్తే ఆవిడ లేచి నిలబడేది.

సుందరశివరావుకి ఒకనాడు మెరుపులా తోచింది. ప్రదర్శనలో మహిళా అధినేత్రి కార్యాలయం లేదు! వెంటనే అన్నాల గదిలో సగం ఖాళీ చేయించాడు. కుళాయిలకి అడ్డంగా తెర వేయించి, దానిముందు పెద్ద బల్ల, తిరిగే కుర్చీ, ఆవిడ పేరుతో ఇత్తడి పలక, తీగలేని టెలిఫోను పెట్టించాడు. చూడ్డానికి ఎవరైనా వచ్చినప్పుడు మేడమ్ వెళ్లి అందులో కూర్చోవాలి.

మేడమ్ మొదటిరోజు ఆ కుర్చీలో మెల్లగా కూర్చుంది. బల్ల మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ రాసింది. తన పేరు పలక తనవైపు తిప్పుకుని చదువుకుంది. చూసినవాళ్లు వెళ్లిపోయారు. మేడమ్ లేవలేదు. నేను తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడు కిటికీలోంచి బయటికి చూసింది. సారు గదికి ఆ వైపు కిటికీ లేదు.

"గురువులూ, ఆ పాప చెంపకేమయింది?"

"జీడి తగిలిందమ్మా."

"వాళ్లమ్మ చేతులు కడుక్కోలేదా? కుళాయి లేదా?"

"మీ వెనకాలే ఉందమ్మా."

మేడమ్ కుర్చీ తిప్పి, తెర తొలగించి చూసింది. తరవాత సుందరశివరావుని పిలిపించింది.

"ఈ గది వాళ్లకి తెరిచెయ్యండి."

"మేడమ్, ప్రస్తుతం తమరు ప్రదర్శనలో ఉన్నారు" అన్నాడాయన ఎంతో వినయంగా. "ప్రదర్శనలోని వస్తువులు... క్షమించాలి, ప్రదర్శనలోని ప్రముఖులు నిర్ణయాలు తీసుకోవడం పద్ధతి కాదు."

"ప్రదర్శన లేనప్పుడు చెప్తే?"

"అప్పుడు సారుగారు ఉంటారు కదా మేడమ్."

మేడమ్ సారుకి చెప్పింది. సారు, "కిరీటం రానీ విశాలా, తరవాత చూద్దాం" అన్నారు. నేను కారు తలుపు తీస్తూ విన్నాను.

న్యాయనిర్ణేతలు వచ్చేరోజు రానే వచ్చింది. ముందు కారులో కిరీటం వచ్చింది, అద్దాల పెట్టెలో. వెనక కారుల్లో నిర్ణేతలు, కెమెరాలవాళ్లు. వాళ్ల అధ్యక్షులవారు ఏదో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. నడుస్తూ మాట్లాడరు, ఆగి మాట్లాడతారు. నాటి దృశ్యం దగ్గర ఆగారు.

"దారిద్ర్యంలో ఎంత ఔచిత్యం!" అన్నారు. ఎండ మండిపోతోంది. రోజా చేతులు వెనక్కి పెట్టుకుని ఉంది. పిల్ల అత్త చేతుల్లో గింజుకుని ఏడుస్తోంది. "శిశువు నటన అమోఘం. శిక్షణ ఎవరిచ్చారు?"

"మా విభాగమేనండీ" అన్నాడు సుందరశివరావు.

"నానేటీ ఇవ్వనేదు బావూ" అంది రోజా. ఎవరూ వినలేదు.

లోపలికి వచ్చారు. బొమ్మల్ని చూశారు, మేడమ్‌ని చూశారు. మేడమ్ తిరిగే కుర్చీలో కూర్చుని ఉంది. సారు పక్కన నిలబడి ఉన్నారు. అధ్యక్షులవారు కాగితం మీద ఏదో రాయబోయి ఆగారు.

"అంతా బాగుంది. కాని అధినేత్రి ఊరికే కూర్చుని ఉన్నారు. నాటి మహిళ కూడా కూర్చునే ఉంది. తేడా ఏముంది? నేటి మహిళ నిర్ణయం తీసుకోవాలి. ఆ దృశ్యం లోపించింది."

సారు ముఖం వాడిపోయింది. సుందరశివరావు అందుకున్నాడు. "ఉందండీ, ఉంది! చివర్లో పెట్టుకున్నాం. మేడమ్, ఒక నిర్ణయం తీసుకోండి. ఏదైనా పరవాలేదు. చిన్నది."

మేడమ్ లేచి నిలబడింది. కెమెరాలు అటు తిరిగాయి.

"గురువులూ, ఈ బొమ్మల్ని బయట పెట్టించు. తెర తీసెయ్యి. కుళాయిలన్నీ తిప్పు. తవిటమ్మగారిని అందరినీ తీసుకుని లోపలికి రమ్మను. సబ్బు తెప్పించు."

నేను వెళ్లాను. ఎందుకని అడగలేదు.

"మేడమ్, చిన్నది అన్నానండీ" అని సుందరశివరావు గొణుగుతూ అడ్డం రాబోయాడు.

"తప్పుకోండి, సహజత్వం చెడుతోంది!" అని గద్దించారు అధ్యక్షులవారు.

తవిటమ్మ గుమ్మంలో ఆగింది. "నిజంగానేనా అమ్మా, నాటకమా?"

"రండి" అంది మేడమ్.

"పదండే ఒలే! నాటకవైతే నాటకం, నీళ్లు నిజవేను!"

ఒక్కసారిగా వచ్చి పడ్డారు. కుళాయిల కింద నల్లటి నీళ్లు కాలవై గులాబీ గోడంతా చిందాయి. ఎవరో సబ్బు లాక్కున్నారు, ఎవరో తిట్టారు. రోజా చేతులు ఎర్రబడేదాకా తోముకుని, మేడమ్ ముఖం ముందు చాపింది.

"సూడండమ్మా, పోయిందా?"

మేడమ్ ఆ చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. గోరు పక్కన ఒక చోట చూపించి, "ఇక్కడింకా ఉంది" అంది. రోజా మళ్లీ కడుక్కుని వచ్చి పిల్లని అత్త దగ్గరనుంచి అందుకుంది. అది ఏడుపు ఆపింది. కెమెరావాడొకడు దగ్గరికి వస్తే తవిటమ్మ తన కొంగు అడ్డం పట్టింది.

అధ్యక్షులవారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నలభై ఊళ్లు తిరిగాను. ఇంత పెద్దఎత్తున నటించడం చూడలేదు" అన్నారు. కిరీటం మాకే అన్నారు. సారు పొంగిపోయారు. మేడమ్‌ని పిలిస్తే ఆవిడ తవిటమ్మ పక్కన బల్ల ముందు కూర్చుని ఉంది, చెయ్యి ఎంగిలి. అందుకని కిరీటం సారు తలమీద పెట్టి ఫొటో తీశారు. అది ఆడవాళ్ల కొలతకి చేయించినట్టుంది, చెవుల మీద ఆగింది.

కార్లు కదిలే ముందు సుందరశివరావు అధ్యక్షులవారి దగ్గరికి పరిగెత్తాడు. "ఇక ప్రదర్శన యథాస్థితికి తేవచ్చు కదండీ? బొమ్మలు ఎండలో ఉన్నాయి."

"యథాస్థితి ఏమిటి? మేం బహుమతి ఇచ్చింది ఆ బొమ్మలకి కాదు. లోపల ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఒక్క ఆడమనిషి తగ్గినా కిరీటం వాపసు. మావాళ్లు చెప్పకుండా వచ్చి చూస్తుంటారు."

కార్లు వెళ్లిపోయాయి. గేటు వేశాను. సుందరశివరావు బొమ్మల మధ్య నిలబడి ఉన్నాడు. ఎండకి వాటి ముక్కులకి పగుళ్లు పట్టాయి.

మర్నాడు అన్నాల గంట కొట్టాక గది తలుపు మూసుకుంది. లోపల తవిటమ్మ, పోలమ్మ ఏదో పులుసు గురించి గట్టిగా పోట్లాడుకుంటున్నారు. వాళ్ల మధ్యలో మేడమ్ గొంతు కూడా వినిపించింది. ఈవిడకి పులుసు గురించి ఇంత తెలుసని అనుకోలేదు. ఇత్తడి పలక తలుపు బయటికి వచ్చి చేరింది.

సారు చేతిలో కాగితాలు పట్టుకుని వచ్చారు. పెన్సిలుతో గీతలు పెట్టి ఉన్నాయి. తలుపు దగ్గర ఆగారు. పలక చూశారు. చెయ్యి ఎత్తి, దించారు. నన్ను పిలిచారు.

"మేడమ్ ఉన్నారా?"

ఇన్నేళ్లలో ఆ ఫ్యాక్టరీలో ఆ మాట ఎవరూ అడగగా నేను వినలేదు.

"ఉన్నారు" అన్నాను. "అన్నం తింటున్నారు. కూర్చోండి."

సారు చుట్టూ చూశారు. అక్కడ కుర్చీ లేదు. నిలబడ్డారు.